గెలుస్తున్నవాడి భయం

2017 ఫిబ్రవరి 5. అమెరికాలోని హ్యూస్టన్ నగరం. ఆ దేశపు వృత్తి ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ అయిన సూపర్ బౌల్ జరుగుతోంది. మూడో పాదంలో ఇంకా 8 నిమిషాల 31 సెకన్లు ఉండగా అట్లాంటా ఫాల్కన్స్ జట్టు 28, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు 3. మిగిలింది 23 నిమిషాల పైచిలుకు ఆట. ఇళ్లల్లో టీవీలు కట్టేసినవాళ్లు కూడా ఉండే ఉంటారు. కానీ చివరికి గెలిచింది పేట్రియట్స్, అదనపు సమయంలో, 34-28 తేడాతో.

మర్నాటి నుంచి విమర్శకులు అట్లాంటా జట్టు మీద పడ్డారు. ఆధిక్యం చేతిలో ఉండగా అంత దూకుడు ఎందుకన్నారు. బంతిని విసరడం మాని, పట్టుకుని పరుగెత్తి కాలం గడిపేస్తే సరిపోయేది కదా అన్నారు. విచిత్రమేమిటంటే, రెండేళ్ల కిందట, 2015 జనవరి 18న, గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు సియాటిల్ సీహాక్స్ చేతిలో ఓడిపోయినప్పుడు ఇదే తరహా విమర్శకులు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా మాట్లాడారు. ఆధిక్యం రాగానే ఆ జట్టు ముడుచుకుపోయిందని, మరీ జాగ్రత్తపడి చేజేతులా ఆటను పోగొట్టుకుందని తిట్టిపోశారు.

ఈ రెండు తీర్పులూ ఒకేసారి నిజం కాగలవా? కాగలవు. అయితే ఏ పరిస్థితిలో జాగ్రత్త మంచిది, ఏ పరిస్థితిలో చెడ్డది అన్నది చెప్పగలగాలి. అది చెప్పకుండా, ఓడినవాడు ఏం చేశాడో చూసి దానికి ఎదురు చేసి ఉండాల్సిందని అనడం విమర్శ అనిపించుకోదు. ఈ వ్యాసంలో ఆ విషయాన్ని కాస్త లెక్కలతో చూద్దాం. ఇంటర్మీడియట్‌లో చదివే సంభావ్యత, ప్రామాణిక విచలనం చాలు.

ఆట తెలియనివారికి నాలుగు ముక్కలు. ఒక్కో జట్టులో 11 మంది. మైదానం పొడవు 100 గజాలు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. వీటిని డౌన్లు అంటారు. ఈ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు పోతే మళ్లీ కొత్తగా నాలుగు డౌన్లు వస్తాయి. బంతిని అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆపైన తన్ని 1 పాయింటో, మరోసారి గీత దాటించి 2 పాయింట్లో అదనంగా సంపాదించవచ్చు. బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. మూడు డౌన్లలో 10 గజాలు రాకపోతే, ఆనవాయితీగా నాలుగో డౌన్‌లో బంతిని వీలైనంత దూరం తన్ని ప్రత్యర్థికి అప్పగిస్తారు. దీని పేరు పంట్. మొత్తం ఆట 60 నిమిషాలు, నాలుగు పాదాలు.

ఇక గడియారం సంగతి. బంతి పట్టుకుని పరుగెత్తినవాడిని మైదానంలోనే పడగొడితే గడియారం ఆగదు. విసిరిన బంతిని ఎవరూ పట్టుకోకపోతే ఆగుతుంది. ఒక ప్రయత్నం ముగిశాక రెండోది మొదలుపెట్టడానికి 40 సెకన్లు గడువు. ప్రత్యర్థి గడియారాన్ని ఆపించాలంటే టైమవుట్ తీసుకోవాలి, అవి సగం ఆటకు మూడే. కాబట్టి ముందున్న జట్టు దగ్గర బంతి ఉండి, ప్రత్యర్థికి టైమవుట్లు అయిపోతే, చివరి రెండు నిమిషాల్లో చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని ఒక మోకాలు నేలకు ఆనిస్తాడు. రెండు మూడు సెకన్లు, తర్వాత 40 సెకన్ల నిరీక్షణ. అలా మూడుసార్లు చేస్తే రెండు నిమిషాలు కరిగిపోతాయి.

ఇంత తేలిక కిటుకు ఎప్పటినుంచో ఉందనుకుంటాం. కానీ అది ఆనవాయితీగా స్థిరపడడానికి ఒక ఉద్యోగం పోవలసివచ్చింది. 1978 నవంబరు 19న న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ మీద 17-12తో ముందుంది. మిగిలింది దాదాపు అర నిమిషం. ఈగిల్స్‌కు టైమవుట్లు లేవు. మోకాలు ఆనిస్తే ఆట ముగిసేది. అప్పట్లో అలా చేయడం కొందరికి పిరికితనంగా, క్రీడామర్యాద కానిదిగా తోచేది. క్వార్టర్‌బ్యాక్ జో పిసార్చిక్‌కు పైనుంచి వచ్చిన ఆదేశం బంతిని లారీ జోంకా చేతికి అందించమని. అందించేటప్పుడు బంతి జారింది. ఈగిల్స్ ఆటగాడు హెర్మ్ ఎడ్వర్డ్స్ దాన్ని అందుకుని 26 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 19-17. ఆ ఆదేశం ఇచ్చిన సహాయ శిక్షకుడు బాబ్ గిబ్సన్‌ను మర్నాడే తీసేశారు. మోకాలు ఆనించే పద్ధతికి తర్వాత ‘విజయ వ్యూహం’ అని గౌరవప్రదమైన పేరు వచ్చింది.

గమనించండి. ఇక్కడ జాగ్రత్త నూటికి నూరుపాళ్లు సరైనది, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. కాలం తప్ప ఇంకేమీ మిగలలేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అర నిమిషం దగ్గర సరైన ఈ బుద్ధిని పదిహేను నిమిషాల ముందు నుంచే, అరగంట ముందు నుంచే ప్రయోగించినప్పుడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. గణాంక శాస్త్రవేత్త హాల్ స్టెర్న్ 1991లో ఒక సంగతి చూపించాడు. ఈ ఆటలో పందెంరాయుళ్లు ముందుగా అంచనా కట్టే పాయింట్ల తేడాకూ, చివరికి వచ్చే తేడాకూ మధ్య ఉండే వ్యత్యాసం గంట ఆకారపు వక్రంలా పరుచుకుంటుంది. దాని ప్రామాణిక విచలనం 14కు కొంచెం తక్కువ. అంటే రెండు సమాన జట్లు ఆడితే 60 నిమిషాల్లో అదృష్టం ఇటో అటో ఊపగల దూరం సుమారు 14 పాయింట్లు అన్నమాట. నీటిలో పుప్పొడి రేణువులు చేసే బ్రౌనియన్ చలనం గురించి మీరు చదివే ఉంటారు. అలాంటి చలనంలో విచలనం కాలంతో సమానంగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. ఆటలో నాలుగో వంతు మిగిలితే ఊపు నాలుగో వంతుకు పడిపోదు, సగానికి పడుతుంది. 14లో సగం, 7.

హ్యూస్టన్‌కు దీన్ని వర్తింపజేయండి. మిగిలిన కాలం 23.5 నిమిషాలు. 60తో భాగిస్తే 0.392, వర్గమూలం 0.626, దాన్ని 14తో గుణిస్తే 8.8 పాయింట్లు. ఆధిక్యం 25. అంటే విచలనానికి 2.85 రెట్లు. పట్టికలో చూస్తే అట్లాంటా ఓడే సంభావ్యత వెయ్యికి రెండు. చాలా తక్కువే, కానీ సున్నా కాదు. 2021 నుంచి ఒక్కో సీజన్‌లో ప్లేఆఫ్‌లు కాకుండానే 272 మ్యాచ్‌లు జరుగుతున్నాయి. ఇన్నిటిలో వెయ్యికి రెండు సంగతులు ఎప్పుడో ఒకప్పుడు జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. 1993 జనవరి 3న బఫెలో బిల్స్ జట్టు 3-35తో వెనకబడి ఉండి హ్యూస్టన్ ఆయిలర్స్ మీద 41-38తో గెలిచింది. 2022 డిసెంబరు 17న మిన్నెసోటా వైకింగ్స్ సగం ఆట దాకా 0-33తో ఉండి, ఇండియానాపోలిస్ కోల్ట్స్‌ను 39-36తో ఓడించింది. ఆ కోల్ట్స్‌కు క్వార్టర్‌బ్యాక్ ఎవరో తెలుసా? 2017లో అట్లాంటాకు ఆడిన మాట్ ర్యానే. పాపం, వెయ్యికి రెండూ ఒకరి నెత్తినే పడ్డాయి.

సరే, జాగ్రత్త సంగతి ఏమిటి? జాగ్రత్తగా ఆడడమంటే ఊపు తగ్గించడం. ఎక్కువ పరుగులు, తక్కువ విసుర్లు, నాలుగో డౌన్‌లో పంట్, రక్షణలో వెనక్కి జరిగి నిలబడడం. దీనివల్ల ఆటలో ఒడిదుడుకులు తగ్గుతాయి. ముందున్నవాడికి అది లాభమే. కానీ ఉచితం కాదు. ఊపుతో పాటు సగటు రాబడి కూడా తగ్గుతుంది. విమర్శకులు ఎప్పుడూ ఈ రెండింటిలో ఒకదాన్నే చూస్తారు.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. మూడో పాదం ముగిసింది, మన ఆధిక్యం 10. మామూలుగా ఆడితే విచలనం 7. 10ని 7తో భాగిస్తే 1.43, ఓడే అవకాశం నూటికి 7.6. జాగ్రత్తగా ఆడితే విచలనం 6కు తగ్గిందనుకోండి, దానికి మూల్యంగా సగటున 1 పాయింటు పోయిందనుకోండి. 9ని 6తో భాగిస్తే 1.5. ఓడే అవకాశం నూటికి 6.7. మంచిదే, కాస్త లాభం. అదే మూల్యం 3 పాయింట్లయితే? 7ను 6తో భాగిస్తే 1.17. ఓడే అవకాశం నూటికి 12! జాగ్రత్త పేరుతో ప్రమాదాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకున్నామన్నమాట. ఎక్కడ లాభనష్టాలు సమానమవుతాయో మీరే తేల్చవచ్చు: ఆధిక్యంలో ఏడో వంతు, అంటే ఇక్కడ 1.43 పాయింట్లు.

ఇందులో ఇంకో రహస్యం ఉంది. జాగ్రత్తకు చెల్లించే మూల్యం నిమిషాలతో పాటు పెరుగుతుంది. పదిహేను నిమిషాలకు 3 పాయింట్లయితే నిమిషానికి 0.2. చెల్లించగలిగే హద్దు మాత్రం ఆధిక్యాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి 10 పాయింట్ల ఆధిక్యంతో జాగ్రత్త మొదలుపెట్టడానికి సరైన సమయం 1.43ని 0.2తో భాగిస్తే వచ్చే సుమారు 7 నిమిషాలు. 7 పాయింట్ల ఆధిక్యానికి 5 నిమిషాలు. అంతకు ముందే మొదలుపెడితే నష్టం, తర్వాతైతే లాభం. ఈ 6, ఈ 3 నేను ఊహించుకున్న అంకెలు. జట్టును బట్టి, ఎదుటివాడి బలాన్ని బట్టి అవి మారతాయి. పైగా ఈ ఆటలో పాయింట్లు నీటి చుక్కల్లా రావు, 3గానో 7గానో గుట్టగా వచ్చిపడతాయి. అందువల్ల ఆట చివర్లో ఈ నమూనా ప్రమాదాన్ని కాస్త తక్కువ చేసి చూపిస్తుంది. అయినా రూపం మారదు. జాగ్రత్తకు ఒక వేళ ఉంది.

ఇప్పుడు మళ్లీ గ్రీన్ బే సంగతి చూడండి. అందరూ తిట్టింది దేన్నంటే, 5 నిమిషాల 4 సెకన్లు మిగిలి ఉండగా, 19-7తో ముందుండగా, ఆ జట్టు ఆటగాడు మోర్గన్ బర్నెట్ ప్రత్యర్థి బంతిని మధ్యలో పట్టుకుని, ముందు ఖాళీ ఉన్నా పరుగెత్తకుండా నేలమీద జారి ఆగిపోవడాన్ని. ఆ తర్వాత వరుసగా మూడు పరుగులు, ముందుకు పోవడానికి బదులు వెనక్కి పోవడం, పంట్. పైలెక్క ప్రకారం 12 పాయింట్ల ఆధిక్యానికి 8 నిమిషాల నుంచే జాగ్రత్తపడవచ్చు. 5 నిమిషాల దగ్గర పరుగులు తీయడం అంత తెలివితక్కువ పనేమీ కాదు. ఆపైన జరిగింది చూడండి. సియాటిల్ ఒక టచ్‌డౌన్ చేసింది. పొట్టిగా తన్నిన బంతి గ్రీన్ బే ఆటగాడి చేతుల్లోంచి జారి మళ్లీ సియాటిల్‌కే దక్కింది. మొదటి టచ్‌డౌన్ తర్వాత 44 సెకన్లలోనే రెండోది. చివరికి అదనపు సమయంలో 28-22. ఆ బంతి జారడానికీ శిక్షకుడి జాగ్రత్తకూ సంబంధం ఏమిటి?

నా దృష్టిలో శిక్షకుడు మైక్ మెకార్తీ అసలు తప్పు రెండు గంటల ముందే జరిగింది, ఎవరూ పెద్దగా పట్టించుకోని మొదటి పాదంలో. రెండుసార్లు ఆయన జట్టు గీతకు ఒక గజం దూరం దాకా వెళ్లింది. నాలుగో డౌన్. రెండుసార్లూ టచ్‌డౌన్‌కు ప్రయత్నించకుండా ఫీల్డ్ గోల్ తన్నించి 3 పాయింట్లు పుచ్చుకున్నాడు. ఒక గజం నుంచి టచ్‌డౌన్ వచ్చే అవకాశం సగమే అనుకున్నా సగటు విలువ మూడున్నర. పైగా విఫలమైతే ప్రత్యర్థి తన సొంత గీతకు ఒక గజం దూరంలో, గోడకు వీపు ఆనించి ఆట మొదలుపెట్టాలి. దానికీ విలువ ఉంది. మొదటి పాదంలో ఆధిక్యాన్ని కాపాడడం అనే ప్రశ్నే ఉండదు. అక్కడ పాయింట్లు పోగుచేసుకోవడమే పని. ఆ రోజు నాలుగు పాయింట్లు అదనంగా వచ్చి ఉంటే అదనపు సమయం దాకా వెళ్లేదే కాదు.

అట్లాంటాకు ఇదే కొలత పెట్టండి. ఆధిక్యం 28-20, అంటే 8. మిగిలింది నాలుగున్నర నిమిషాల పైచిలుకు. హూలియో జోన్స్ అద్భుతంగా అందుకున్న బంతితో ప్రత్యర్థి గీతకు 22 గజాల దూరం దాకా వచ్చారు. అక్కడినుంచి ఫీల్డ్ గోల్ దాదాపు 40 గజాలు, వృత్తి ఆటగాళ్లకు ఎక్కువసార్లు చిక్కేదే. చిక్కితే ఆధిక్యం 11, ప్రత్యర్థి రెండుసార్లు పాయింట్లు చేస్తే తప్ప అందుకోలేడు. లెక్క ప్రకారం జాగ్రత్తకు వేళయింది. ఒక పరుగు తీశారు, గజం పోయింది. రెండోసారి విసరబోతే క్వార్టర్‌బ్యాక్‌ను 12 గజాలు వెనక పడగొట్టారు. ఆపైన నిబంధన ఉల్లంఘనకు మరో 10 గజాలు. ఫీల్డ్ గోల్ దూరం దాటిపోయింది, పంట్. పేట్రియట్స్ 91 గజాలు నడిచి సమం చేసింది. ఇక్కడ విమర్శకులు చెప్పింది నిజమే. బంతులు విసిరే పథకాన్ని నడిపిన కైల్ షానహాన్ తెలివైనవాడే, కానీ గడియారం చూడలేదు.

రక్షణలో వెనక్కి జరిగి నిలబడే పద్ధతి గురించి ఒక్క మాట. దూరపు బంతులు పోనివ్వకుండా అందరినీ వెనక నిలబెడతారు, దగ్గరి బంతులు వదిలేస్తారు. ఇది కాలాన్ని గజాలతో కొనుక్కునే బేరం. ప్రత్యర్థికి 20 సెకన్లే ఉంటే మంచి బేరం. రెండు నిమిషాలుంటే ఎనిమిదేసి గజాల చొప్పున పది బంతులు విసిరి గీత చేరతాడు.

ఇంతకీ శిక్షకులు తొందరపడి ఎందుకు జాగ్రత్తపడతారు? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 2006లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ప్రసిద్ధం. ఆయన 1998 నుంచి మూడు సీజన్ల మ్యాచ్‌లు తీసుకుని, ఆధిక్యం ప్రభావం పడకుండా మొదటి పాదాలనే పరిశీలించాడు. తన్నడం కంటే ప్రయత్నించడమే మేలని లెక్క చెప్పిన నాలుగో డౌన్లు 1,068. వాటిలో శిక్షకులు తన్నించినవి 959! తన్నడమే మేలని లెక్క చెప్పిన 1,604 సందర్భాల్లో మాత్రం లెక్కకు విరుద్ధంగా పోయింది తొమ్మిదిసార్లే. అంటే తప్పులన్నీ ఒకే వైపు. ఇది లెక్కలు రాకపోవడం వల్ల వచ్చే తప్పు అయితే రెండు వైపులా సమంగా ఉండేది. ఇలాంటి లెక్కలు కొత్తవి కూడా కావు. సిన్సినాటి బెంగాల్స్‌కు స్వయంగా క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన వర్జిల్ కార్టర్, రాబర్ట్ మాకల్‌తో కలిసి, మైదానంలో ఏ చోటు ఎన్ని పాయింట్ల విలువ చేస్తుందో 1971లోనే కట్టి చూపించాడు.

కారణం తెలుసుకోవాలంటే 2009 నవంబరు 15కు వెళ్లాలి. పేట్రియట్స్ శిక్షకుడు బిల్ బెలిచిక్ జట్టు కోల్ట్స్ మీద 34-28తో ముందుంది. మిగిలింది రెండు నిమిషాల పైన ఎనిమిది సెకన్లు. నాలుగో డౌన్, రెండు గజాలు కావాలి, అదీ తన సొంత 28 గజాల గీత దగ్గర. లోకమంతా పంట్ అనుకుంటుంటే ఆయన ప్రయత్నించమన్నాడు. గజం తక్కువ పడింది. కోల్ట్స్ 35-34తో గెలిచింది. మర్నాడు పత్రికలు ఆయన్ను ఉతికి ఆరేశాయి. విశ్లేషకుడు బ్రయన్ బర్క్ వేసిన లెక్క ఇదీ: రెండు గజాలు వచ్చే అవకాశం నూటికి 60, వస్తే ఆట గెలిచినట్టే. రాకపోతే 28 గజాల నుంచి కోల్ట్స్ గెలిచే అవకాశం 53, పేట్రియట్స్‌కు 47. 60కి, మిగతా 40లో 47 శాతం కలిపితే సుమారు 79. పంట్ తన్నితే పేట్రియట్స్ గెలిచే అవకాశం 70. రెండు గజాలు వచ్చే అవకాశం 44 ఉన్నా ప్రయత్నమే మేలవుతుంది, మీరే వేసి చూడండి.

కానీ నూటికి 21 సార్లు వచ్చే ఓటమి ఆ రాత్రే వచ్చింది, అది శిక్షకుడి పేరున నమోదైంది. పంట్ తన్ని ఓడితే ఆ ఓటమి రక్షణ ఆటగాళ్ల పేరున నమోదయ్యేది. ఇదీ అసలు కిటుకు. సంప్రదాయం ప్రకారం ఓడినవాడికి ఉద్యోగం మిగులుతుంది. పైగా ముందున్నవాడు పోగొట్టుకోగలదాన్నే చూస్తాడు, సంపాదించగలదాన్ని చూడడు. లాభంలో ఉన్న మనిషి ప్రమాదానికి జంకుతాడని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లోనే రాశారు. శిక్షకుడిని ఆ స్థితిలోకి నెట్టడంలో ఫలితాన్ని చూసి తీర్పు చెప్పే మన విమర్శకుల పాత్ర తక్కువేమీ కాదు. గెలిస్తే సాహసి, ఓడితే మూర్ఖుడు అని రాసేవాడు గడుసువాళ్లను తయారు చేస్తాడు.

మన కబడ్డీలో ఈ జబ్బుకు మందు వేరే రకంగా వేశారు. ముందున్న జట్టు కూతకు వెళ్లి ఊరికే తిరిగొచ్చి కాలం గడుపుతుంటే ఆట చప్పబడుతుంది. అందుకే 2014లో మొదలైన ప్రో కబడ్డీలో వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాలి, లేదంటే వెళ్లినవాడు ఔట్. అమెరికా ఫుట్‌బాల్‌లో అలాంటి నిబంధన లేదు. అక్కడ పని చేయవలసింది శిక్షకుడి లెక్కే.

మార్పు రాలేదని కాదు. 2018 ఫిబ్రవరి 4 సూపర్ బౌల్‌లో ఈగిల్స్ శిక్షకుడు డగ్ పెడర్సన్ 32-33తో వెనకబడి, ఐదున్నర నిమిషాలు మిగిలి ఉండగా, సొంత 45 గజాల దగ్గర నాలుగో డౌన్‌లో ప్రయత్నించి, సాధించి, 41-33తో గెలిచాడు. నాలుగో డౌన్ ప్రయత్నాలు ఆ తర్వాతి సంవత్సరాల్లో బాగా పెరిగాయి. లెక్కలు కట్టేవాళ్లను జట్లు జీతాలిచ్చి పెట్టుకుంటున్నాయి. విమర్శ మాత్రం అక్కడే ఉంది. 2024 జనవరి 28న డెట్రాయిట్ లయన్స్ సగం ఆటకు 24-7తో ముందుండి శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో 34-31తో ఓడింది. శిక్షకుడు డ్యాన్ క్యాంప్‌బెల్ రెండుసార్లు ఫీల్డ్ గోల్ వదులుకుని నాలుగో డౌన్‌లో ప్రయత్నించాడు, రెండూ విఫలమయ్యాయి. మొదటిసారి సరిగ్గా చేతికొచ్చిన బంతి జారింది. కాసేపటికి ప్రత్యర్థి విసిరిన ఒక బంతి డెట్రాయిట్ ఆటగాడి ముఖకవచానికి తగిలి ఎగిరి శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడి చేతుల్లో పడింది, 51 గజాలు. నిందంతా నాలుగో డౌన్లకే వచ్చింది. క్యాంప్‌బెల్ తన పద్ధతి మార్చుకోలేదు. తర్వాతి సీజన్‌లో అతని జట్టు 17 మ్యాచ్‌ల్లో 15 గెలిచింది. ఆపైన 2025 జనవరిలో, ప్లేఆఫ్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, 45-31తో ఓడిపోయింది.